బొట్టు పెట్టిన ట్రేలు

"నా మైక్రోస్కోపును ఎవరు కదిపినారు?"

వీరేష్ తల తిప్పి చూశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో టిఫిన్ బాక్సు, ఇంకో చేతిలో చెప్పులు. ల్యాబులోకి చెప్పులతో రాకూడదు కాబట్టి విడిచింది కానీ, కోపంలో వాటిని బయట పెట్టడం మరిచిపోయినట్టుంది. ఆ చెప్పులు తన మీదికి వస్తాయేమోనని అతనికి ఒక్క క్షణం భయం వేసింది.

"నేనేనండి. కెమెరా బిగించాలి కదా, కొంచెం జరిపాను."

"కొంచెమా? దాని కింద రెండు న్యూస్ పేపర్లు మడిచి పెట్టింటి. అవి యాడ?"

"చెత్త అనుకుని డబ్బాలో వేశానండి."

"అది చెత్త కాదప్పా, నా ఎత్తు! ఆ పేపర్లు లేకుంటే మెడ వంచి వంచి సాయంత్రానికి నేను కొడవలి అయితా."

వీరేష్ డబ్బాలో చెయ్యి పెట్టి పేపర్లు తీశాడు, దులిపాడు, మడిచి యథాస్థానంలో పెట్టాడు. లేచి నిలబడ్డాక తెలిసింది, ఆమె తనకన్నా ఒక అంగుళం పొడుగని.

"మీది ఏ ఊరు?" అడిగింది ఆమె.

"గుమ్మఘట్ట."

"గుమ్మఘట్టోడివి ఈ 'అండీ'లు యాడ నేర్చుకున్యావు?"

"బెంగళూరులో తెలుగువాళ్ల రూములో," అన్నాడు వీరేష్. ఆమె నవ్వలేదు. వెనక బెంచీ మీద మారెక్క మాత్రం నవ్వేసింది.

ధర్మవరం దాటాక అనంతపురం రోడ్డు మీద ఉంది ఆ గుడ్ల కేంద్రం. కోడిగుడ్లు కావు, పట్టుపురుగుల గుడ్లు. రైతులు ఈ గుడ్లు తీసుకుపోయి, పిల్లలు చేయించి, మల్బరీ ఆకు మేపి గూళ్లు కట్టిస్తారు. అయితే పెబ్రిన్ అని ఒక పాడు జబ్బుంది. తల్లికి ఉంటే గుడ్డుకు వస్తుంది, గుడ్డు నుంచి షెడ్డు మొత్తానికి పాకుతుంది. మందు లేదు. అందుకని గుడ్లు పెట్టేసిన తల్లి సీతాకోకచిలుకల్ని, ఇక్కడ వాటిని ఉత్త చిలుకలనే అంటారు, చిన్న పింగాణీ రోట్లో నూరి, ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. నూకల్లా మెరిసే గింజలు కనబడితే ఆ ట్రేలోని గుడ్లన్నీ కాల్చేస్తారు.

ఆ చూసే పని నలుగురు ఆడవాళ్లది. అందరికన్నా సీనియర్ మారెక్క, ఇరవై రెండేళ్ల సర్వీసు. అందరికన్నా జూనియర్ ప్రసూన, ఇందాక చెప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడిన అమ్మాయి. ధర్మవరంలో మగ్గం నేసే శ్రీరంగప్ప కూతురు. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి రెండేళ్ల కిందట ఈ కుర్చీలో కూర్చుంది. పెళ్లయ్యాక ఈ పని మానేయాలన్న ఇద్దరు పెళ్లికొడుకుల్ని, టీ గ్లాసులు కిందపెట్టకముందే పంపించేసింది.

వీరేష్ తెచ్చింది సరిగ్గా ఆ కుర్చీకి ఎసరు పెట్టే సరుకు. స్లైడు ఫొటో చూసి, జబ్బు ఉందో లేదో తేల్చి, రిపోర్టు కూడా తానే తెలుగులో రాసేసే ఏఐ. బెంగళూరు కంపెనీ దాన్ని బిగించి రమ్మని అతన్ని నెల రోజులకు పంపింది.

ఆ ఉదయమే కేంద్రం యజమాని రంజాన్ సాబ్ అందరినీ పిలిచి చెప్పాడు.

"చూడండమ్మా, దాచి లాభం లేదు. ఈ మెషీన్ బాగా పనిచేస్తే వచ్చే నెల నుంచి ఒక్క కుర్చీ సాలంట. అది మారెక్కది. మిగతా వాళ్లకు ఇంకేదన్నా చూస్తా. అంతా మంచికేలే."

ప్రసూన వెళ్లి తన కుర్చీలో కూర్చుని స్లైడు పెట్టుకుంది. ఆమె వీపు చూస్తూ వీరేష్ తన సీటులో ముడుచుకుపోయాడు. అలాంటి వీపులు అతనికి తెలుసు. వాటిలో ఒకటి అతనిదే.

ఏఐకి పని నేర్పడానికి పాత ఉదాహరణలు కావాలి. అదృష్టమో దురదృష్టమో, అవి పుష్కలంగా ఉన్నాయి. ప్రసూనకు ఒక అలవాటుంది. ప్రతి ట్రేకి ఒక ఫొటో, దాని స్లైడుకి ఒక ఫొటో ఫోనుతో తీసి దాచుకుంటుంది. రెండేళ్ల ఫొటోలు. రంజాన్ సాబ్ అడిగితే ఒక్క మాట అనకుండా ఇచ్చేసింది. ఇచ్చాక మాత్రం వీరేష్ టేబులు దగ్గరికి వచ్చి అంది.

"నా ఫొటోలతోనే నా కుర్చీ లాగుతాండారు. బాగుండాది సార్ మీ సైన్సు."

ఆ 'సార్' వీరేష్‌కు గుండెల్లో గుచ్చుకుంది. చెప్పులు విసిరినా ఇంత నొప్పి ఉండేది కాదు.

ఫొటోల్లోని ప్రతి ట్రేకి, ఫలితాలు రాసే నోటుబుక్కు చూసి, 'బాగుంది' అనో 'జబ్బు' అనో రాసుకుంటూ పోయాడు. కొన్ని ట్రేలకు నోటుబుక్కులో ఆ గడి ఖాళీగా ఉంది. ఆ ట్రేలన్నిటి అంచున ఎర్రటి స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించి ఉంది.

"మేడమ్, ఈ బొట్లు..." అన్నాడు తల ఎత్తి.

"మీ మెషీన్‌నే అడగండి సార్. అన్నీ తెలుసు గదా దానికి," అంది ప్రసూన, కన్ను మైక్రోస్కోపు నుంచి తియ్యకుండానే.

మళ్లీ అడగాలంటే మొహం చెల్లలేదు. వాళ్లమ్మ కొత్త మిక్సీకి బొట్టు పెడుతుంది, మోటారుకు పెడుతుంది, చివరికి గ్యాస్ సిలిండరుకు కూడా పెడుతుంది. శుభమైన దానికేగా బొట్టు! మంచి ట్రేలకు ఆడవాళ్లు మురిసిపోయి పెట్టుకుని ఉంటారనుకున్నాడు. అన్నిటికీ 'బాగుంది' అని నింపేశాడు. నూట ఎనభై ట్రేలు.

*

వారం తిరిగేసరికి మెషీన్ మొదటి రిపోర్టు రాసింది. రంజాన్ సాబ్ దాన్ని అందరికీ వినబడేలా చదవమన్నాడు. వీరేష్ గొంతు సవరించుకున్నాడు.

"సదరు ట్రేలోని తల్లి చిలుకలు సంపూర్ణ ఆరోగ్యంతో విరాజిల్లుచున్నవని సంతోషముతో మనవి చేయడమైనది."

ప్రసూన నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. పడీ పడీ నవ్వింది.

"ఏమప్పా, పొద్దున రోట్లో ఏసి నూరితి గదా వాటిని! నూరిన చిలుకలు యాడ విరాజిల్లుతాండాయి?"

మారెక్క కళ్లు తుడుచుకుంటూ, "స్వర్గంలో లేమ్మే," అంది.

వీరేష్ కూడా నవ్వాడు. ఆమె నవ్వు చూడటం అదే మొదటిసారి. ఆ సాయంత్రం రిపోర్టు భాషను సరిచెయ్యాల్సింది పోయి, ఇంకో నాలుగు రిపోర్టులు అదే భాషలో రాయించాడు. మర్నాడు మళ్లీ నవ్వుతుందని.

నవ్వింది. ఆ తర్వాత అది ఆటైపోయింది. "వీరేష్ గారు మధ్యాహ్న భోజనమున విరాజిల్లుచున్నారా?" అని ఆమె అడగడం, "పెరుగన్నముతో సంతోషముగా మనవి," అని ఇతను చెప్పడం. 'సార్' పోయి 'వీరేష్' వచ్చింది. 'అండీ' పోయి గుమ్మఘట్ట బయటికి వచ్చింది.

ఒక బుధవారం వాన పడింది. అనంతపురంలో వాన అంటే అది చుట్టపుచూపే. దుమ్ము లేపుకుంటూ వచ్చి, రేకుల మీద గోల చేసి, అందరూ బయటికి పరిగెత్తి వచ్చేలోగా వెళ్లిపోయే రకం. ప్రసూన, వీరేష్ ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. ఆమె చెయ్యి బయటికి చాపి వాన పట్టింది. ముంగురుల మీద రెండు చుక్కలు పడ్డాయి. వీరేష్ వాటినే చూస్తున్నాడని ఆమెకు తెలిసింది, తెలియనట్టు ఊరుకుంది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్తావా?" అంది. "మా కుర్చీలు తీసేసే పని నీకెట్ల చేయబుద్ధి అయితాంది? మొగం చూస్తే అట్లాంటోనివి కాదు."

వీరేష్ కూడా చెయ్యి వానలోకి చాపాడు.

"బెంగళూరులో మూడేండ్లు పనిచేస్తి. మందులు మింగి ఎవరికన్నా తేడా చేస్తే, యా మందు, ఎన్ని రోజులు, ఏమాయ అని ఒక్కో మనిషి కథ రాసే పని. కంపెనీలు దాన్ని చూసే మందు మంచిదా కాదా తేలుస్తాయి. పది మందిమి ఉంటిమి. ఒక సోమవారం, ఇంక కథ ఏఐ రాస్తుంది, దిద్దేదానికి ఇద్దరు చాలన్నారు. ఆ ఇద్దరిలో నేను లేను."

"అయ్యో!"

"అమ్మకు చెప్పలా. నాలుగు నెలలు రూములో కూర్చుని ఈ ఏఐ పని నేర్చుకుంటి. నన్ను తోసేసిందేందో దాన్ని పట్టుకునే మళ్లీ లేచినా. ఇప్పుడు దాన్ని నీ మీదికి తెచ్చినా. రాత్రి అన్నం దిగతాండ్లేదు ప్రసూనా, నిజంగా."

ఆమెకు అతని మీద కోపం ఆ క్షణంలో పోయింది. జాలి కలిగింది, దాని వెంట ఇంకేదో కలిగింది. అది మాత్రం మొహంలో కనబడనివ్వలేదు.

"తొలిరోజు నిన్ను చూసి దొంగ అనుకుంటి," అంది. "మా పనిలో ఒక రూలుంది. ప్రతి స్లైడూ ఇద్దరం చూడాల. మొదటి చూపును మేము నమ్మం."

"ఇప్పుడు రెండోసారి చూసినావు గదా. ఏం కనబడె?"

"రిపోర్టు ఇంకా రాయలా," అని లోపలికి వెళ్లిపోయింది. వాన అప్పటికే ఆగిపోయింది. వీరేష్ మాత్రం చూరు కింద ఇంకో పది నిమిషాలు నిలబడ్డాడు.

*

మెషీన్ పది రోజులు పరీక్ష రాసింది. పది రోజులూ ఆడవాళ్ల లెక్కతో దాని లెక్క అచ్చంగా కలిసింది. ఆ పది రోజుల్లో జబ్బు ఉన్న ట్రేనే రాలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రంజాన్ సాబ్ సంబరపడిపోయి, ఆ వారం మూడు వందల ట్రేలను మెషీన్ ఒక్కదాంతోనే చూపించేశాడు. మూడు వందలూ 'విరాజిల్లుచున్నవి'. శుక్రవారం పొద్దున గుడ్ల అట్టలు వ్యానులో రైతులకు వెళ్లాలి.

గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర వీరేష్ మారెక్కను పొగిడాడు.

"అక్కా, మీ బొట్లు శానా ఉపయోగపడినాయి. మీరు మంచివని గుర్తు పెట్టిన ట్రేలన్నీ మెషీన్ నేర్చుకునింది."

మారెక్క నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది.

"మంచివని ఎవరు చెప్పిరి నీకు?"

"బొట్టు పెట్టినారు గదా..."

"ఓరి నీ తెలివి తెల్లారా! అనుమానం వచ్చిన ట్రేకు పెడతాం రా బొట్టు! సాయంత్రానికి కండ్లు అలిసిపోతాయి. ఉందా లేదా అని తేల్చుకోలేకుంటే నొసటి బొట్టు తీసి ట్రేకు అంటిస్తాం. మర్నాడు పొద్దున్నే, కండ్లు తెలివిగా ఉన్నప్పుడు మళ్లీ చూస్తాం. సగానికి సగం జబ్బువే ఉంటాయి. ఆ లెక్క నా చిన్న బుక్కులో ఉండాది."

వీరేష్ చేతిలో ముద్ద కింద పడింది. అనుమానం ఉన్న నూట ఎనభై ట్రేలను తాను మంచివని నేర్పాడు. మెరిసీ మెరియని గింజ కనబడితే బాగుందనుకో అని మెషీన్‌కు చెప్పి మరీ నేర్పాడు. ఆ మెషీన్ తేల్చిన గుడ్లు పొద్దున బయల్దేరుతున్నాయి.

ప్రసూన వింటూనే ఉంది. ఆమె మొహం పాలిపోయింది.

"ఆ పొద్దు నువ్వు అడిగితివి," అంది మెల్లగా. "నేనే చెప్పకపోతి."

వీరేష్ బయటికి వెళ్లి బెంగళూరు మేనేజరుకు ఫోన్ చేశాడు. మేనేజరు తాపీగా విన్నాడు.

"నోటుబుక్కులో గడి ఖాళీగా ఉందన్నావుగా? ఇంకేం. రికార్డులు సరిగ్గా రాయలేదు, తప్పు వాళ్ల స్టాఫుదని మెయిల్ పెట్టు. మన సిస్టమ్‌లో ఏ లోపమూ లేదు. ఆ ఫొటోలు తీసిన అమ్మాయి పేరు కూడా రాయి."

"ఆ పేరు రాస్తే ఆమె ఉద్యోగం ఈ పూటే పోతుంది సార్."

"ఎలాగూ పోయేదే కదా వీరేష్."

వీరేష్ ఫోన్ పెట్టేశాడు. ఈ ఉద్యోగం కూడా పోతే వాళ్లమ్మకు చెప్పడానికి అబద్ధాలు మిగల్లేదు. అయినా నేరుగా రంజాన్ సాబ్ గదిలోకి నడిచాడు. ప్రసూన అప్పటికే అక్కడ ఉంది.

"సాబ్, తప్పు నాది, అడిగినప్పుడు నేను..." అని ఆమె మొదలుపెట్టింది.

"కాదు సాబ్," అన్నాడు వీరేష్. "బొట్టంటే ఏందో నాకు తెలీదు. తెలీనప్పుడు ఆగి కనుక్కోవాల. నాకు నేనే ఊహించుకుని నింపేసినా. ఆమె రికార్డులో ఒక్క తప్పు లేదు. ఆ వ్యాను పోనియ్యొద్దండి. కంపెనీకి కూడా ఇదే రాస్తా."

రంజాన్ సాబ్ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇరవై ఊళ్లకు మాట ఇచ్చినా. రైతులు ఆకు పెంచి పెట్టుకుని ఉంటారు."

"జబ్బు గుడ్లు పోతే ఆకూ పోతుంది, పంటా పోతుంది సాబ్," అంది ప్రసూన. "ఫొటోలన్నీ కంప్యూటర్లో ఉండాయి. నలుగురం కూర్చుంటే సాయంత్రానికి చూసేస్తాం."

కూర్చున్నారు. నలుగురు ఆడవాళ్లూ, వీరేషూ. ఒక్కో ఫొటో ఇద్దరిద్దరు చూశారు. మొదటి యాభైలో ఏమీ లేదు. డెబ్బై మూడో ఫొటో దగ్గర ప్రసూన వేలు ఆగింది. మెరిసీ మెరియక, మూలన మూడు గింజలు. మారెక్క కళ్లద్దాలు సవరించుకుని తలూపింది. దీపాలు పెట్టే వేళకు పదకొండు ట్రేలు తేలాయి. రంజాన్ సాబ్ వాటి అట్టల్ని తన చేత్తోనే పెరట్లోకి తీసుకుపోయి కాల్చేశాడు. మిగతావి శుక్రవారం కాక శనివారం వెళ్లాయి. రైతులు ఫోన్లలో నాలుగు మాటలు తిట్టారు, సాబ్ పడ్డాడు.

శనివారం పొద్దున ఆయన మళ్లీ అందరినీ పిలిచాడు.

"మెషీన్‌ను తీసెయ్యను. మూడు వందల్లో పదకొండు తప్ప మిగతావన్నీ అది క్షణాల్లో సరిగ్గా తేల్చింది, అది అబద్ధం కాదు. కానీ అది ఏం చెప్పినా ప్రసూన చూసి సంతకం పెట్టందే గేటు దాటేది లేదు. దానికి తప్పొప్పులు నేర్పే పని కూడా ఈ పాపదే. మారెక్క రెండో చూపు చూస్తుంది. మిగతా ఇద్దర్నీ పసి పురుగుల్ని పెంచే చాకీ సెక్షనుకు పంపుతాండా. మనసుకు బాధగా ఉండాది, కానీ నాకు తోచింది అంతే."

వెళ్లేవాళ్లు ఇద్దరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. ప్రసూన వాళ్లని పట్టుకుని తానూ ఏడ్చింది. కుర్చీ దక్కిన సంతోషం ఆ కాసేపు ఆమెకు గుర్తే రాలేదు.

వీరేష్‌కు మాత్రం కంపెనీ నుంచి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. సేవలు ఇక అవసరం లేదని. ఏఐ రాసిందేమో, చాలా మర్యాదగా ఉంది.

*

ఆదివారం అతను గుమ్మఘట్టకు బయల్దేరడానికి బ్యాగు సర్దుకుని, తాళాలు ఇద్దామని కేంద్రానికి వచ్చాడు. గేటు దగ్గర ఒక పాత మోపెడ్ ఆగి ఉంది. పక్కన సన్నగా, పొడుగ్గా ఒక పెద్దాయన. వెనక ప్రసూన. ఆ పొడుగు ఎక్కడి నుంచి వచ్చిందో వీరేష్‌కు అర్థమైంది.

"మా నాయన," అంది ప్రసూన. "నీ సంగతి అంతా చెప్తి. నిన్ను చూడాలనె."

శ్రీరంగప్ప అతన్ని కాళ్ల నుంచి తల దాకా, తీరిగ్గా, చీర కొలిచినట్టు చూశాడు.

"నువ్వేనా, సాబ్ ముందర పోయి తప్పు నాదని చెప్పినోడు?"

"నేనే పెద్దాయనా."

"చెప్పకుంటే ఉద్యోగం నిలిచేదంట గదా?"

"నిలిచేది."

"మగ్గం మీద ఒక పోగు తప్పుతుంది. నేసేటోనికి తప్ప ఎవనికీ కనబడదు. కొందరు అట్లే నేసుకుంటా పోతారు. నేను మూరెడు నేసినాక చూసినా విప్పేస్తా. నా పెండ్లాం తిడుతుంది, సేటు తిడతాడు. విప్పేటప్పుడు నాకూ ఏడుపొస్తుంది." ఆయన ఆగాడు. "మా పాపను చూసేదానికి శానామంది వచ్చినారప్పా. ఏం సంపాదించినామో అందరూ చెప్పినారు. ఏం చెడగొట్టినామో చెప్పినోడు ఒక్కడూ లేడు. నువ్వే."

వీరేష్ భుజం మీది బ్యాగు కిందికి దించాడు.

"ఈ సంబంధం నాకు సమ్మతమే," అన్నాడు శ్రీరంగప్ప. "మీ అమ్మకు నిజం చెప్పుకో ముందు. తర్వాత మేము వచ్చి మాట్లాడతాం." అని మోపెడ్ దగ్గరికి పోయి, దానికేదో రిపేరు ఉన్నట్టు వంగి చూడటం మొదలుపెట్టాడు. దానికి ఏ రిపేరూ లేదు.

ప్రసూన దగ్గరికి వచ్చింది. ఇంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు.

"నువ్వంటే నాకు ఇష్టం వీరేష్. వాన పడిన పొద్దే చెప్పాల్సింది. గర్వం అడ్డమొచ్చె. తొలిరోజుల్లో బొట్టు సంగతి చెప్పకుండా ఊరుకుంది కూడా ఆ గర్వమే. ఇంక దాంతో నాకు పనిలేదు."

"నాకూ ఇష్టమే. మైక్రోస్కోపు జరిపిన రోజు నుంచి ఇష్టమే." అతను తల దించుకున్నాడు. "కానీ ప్రసూనా, నాకు ఉద్యోగం లేదు."

ఆమె పొడుగు మనిషి కదా, కొంచెం వంగి, దించిన అతని మొహంలోకి చూసింది.

"నాకుండాది గదప్పా," అంది.